ట్రంకు రోడ్డుకొచ్చిన సీరియల్ కోడలు: ఖర్చు ఎవరిదైతే వేడుక వాళ్లది

నెల్లూరు వీఆర్‌సీ సెంటర్లోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో కొత్త బట్టల షాపు తెరుస్తున్నారంటే వారం ముందే ఫ్లెక్సీలు లేస్తాయి. ప్రారంభోత్సవానికి వచ్చేది సినిమా హీరోయిన్ అయితే ఆమె పేరే పెద్దక్షరాల్లో ఉంటుంది. సీరియల్ నటి అయితే పాత్ర పేరు పెద్దది, అసలు పేరు దాని కింద చిన్నది. ఒక్కోసారి అసలు పేరే ఉండదు, ‘ఫలానా సీరియల్ ఫేమ్’ అని వేసి ఊరుకుంటారు. ఆ ఫ్లెక్సీ వేయించిన యజమాని తెలియక చేసిన పని కాదది. బుచ్చిరెడ్డిపాళెం నుంచి, పొదలకూరు నుంచి పెళ్లి బట్టలకు వచ్చే ఆడవాళ్లకు ఆ అమ్మాయి అసలు పేరుతో పనేముంది? రోజూ రాత్రి అన్నాల వేళకు అత్త చేత మాటలు పడుతూ, అయినా ఇల్లు నిలబెట్టే కోడలు ఆమె. చూడ్డానికి వచ్చేది ఆ కోడల్ని.

‘కార్తీక దీపం’ 2017లో మొదలై 2023 దాకా నడిచింది. అందులో జనం వంటలక్క అని పిలుచుకునే దీప పాత్ర చేసిన ప్రేమి విశ్వనాథ్ కేరళ నటి. ఆ కథకు మూలమైన మలయాళ సీరియల్ ‘కరుత్తముత్తు’లోనూ ఆమే చేసింది. ప్రేమి విశ్వనాథ్ ఎవరని అడిగితే తడుముకునేవాళ్లు చాలామంది ఉంటారు గానీ, వంటలక్క ఎవరంటే చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. టీవీ నటి పబ్లిక్‌లోకి రావడం అనే వ్యవహారమంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

సీరియల్ నటి జనం ముందుకొచ్చే సందర్భాలు మూడు నాలుగు రకాలు. ఛానెల్ అవార్డుల వేదిక, హైదరాబాద్‌లో సినిమా ప్రీమియర్లు, ఊళ్లలో షాపుల ప్రారంభాలు, పండగ స్టేజీలు. ఫోన్‌లో ఫొటోలు చూసేవాళ్లకు అన్నీ ఒకే తళుకులా కనబడతాయి. కానీ ఒక్కోదానికి డబ్బు పెట్టే మనిషి వేరు. ఆ మనిషి ఎవరన్న దాన్ని బట్టే ఆమె ఏం కట్టుకోవాలి, ఏం మాట్లాడాలి, ఎంతసేపు ఉండాలి అన్నది తేలుతుంది. చూసేవాళ్లకు గ్లామర్‌లా అనిపించేది ఆమెకు షూటింగ్ అయ్యాక చేసే రెండో డ్యూటీ.

అవార్డుల సంగతి ముందు చూద్దాం. తెలుగులో ప్రైవేటు ఛానెళ్లు వచ్చి 30 ఏళ్లు దాటింది. ఈటీవీ 1995 ఆగస్టు 27న మొదలైంది, జెమిని కూడా అదే ఏడాది వచ్చింది. మా టీవీ 2002లో, జీ తెలుగు 2005లో వచ్చాయి. ఆ రోజుల్లో టీవీ నటులకు గౌరవంగా చెప్పుకునే గుర్తింపు ప్రభుత్వం ఇచ్చే నంది టీవీ పురస్కారాలు. ఏ ఛానెల్లో వచ్చిందన్న దానితో పనిలేకుండా అందరి కార్యక్రమాలనూ ఒక కమిటీ చూసి తేల్చేది. రాష్ట్ర విభజన తర్వాత ఆ వరుస తెగిపోయింది. ఇప్పుడు మిగిలినవి ఛానెళ్లు తమ ఇంట్లో తాము చేసుకునే వేడుకలు. ఒకరు పరివార్ అవార్డ్స్ అంటారు, ఇంకొకరు కుటుంబం అవార్డ్స్ అంటారు. ఇంట్లోవాళ్లు ఇంట్లోవాళ్లకు ఇచ్చుకునేవని పేర్లలోనే చెప్పేశారు కాబట్టి మోసం అనడానికీ లేదు.

ఉత్తమ కోడలు, ఉత్తమ అత్త, ఉత్తమ జంట, ఉత్తమ విలన్ అంటూ విభాగాలు ఏటా ఎందుకు పెరుగుతాయో కూడా ఇందులోంచే అర్థమవుతుంది. ఒక్క ఛానెల్లో పగలు, రాత్రి కలిపి నడిచే సీరియళ్లు డజను దాకా ఉంటాయి. ఒక్కోదానికి ఒక నిర్మాత, ఒక జట్టు. ఎవరూ ఒట్టి చేతులతో ఇంటికి పోకూడదు. పోతే మరుసటి రోజు సెట్లో మూతి ముడుచుకునేది ఒక్క హీరోయిన్ కాదు, యూనిట్ మొత్తం. అందువల్ల ఛానెల్ ముందు పంపకం చూసుకుంటుంది, ఆ తర్వాతే ప్రతిభ. ఇది తప్పని కొట్టిపారేయనక్కర్లేదు. ప్రేక్షకుల ఓట్లు అడుగుతారు, ఓట్లూ వస్తాయి. కాకపోతే ఓటు వేసేది ఆ ఛానెల్ చూసేవాళ్లే, పోటీలో ఉండేదీ ఆ ఛానెల్ వాళ్లే.

ఈ వేడుకలు చాలామటుకు దసరా, దీపావళి దగ్గర్లో వస్తాయి. ప్రకటనల డబ్బు ఎక్కువగా తిరిగే కాలం అది. వేదిక వెనక తెర మీద సబ్బుల పేర్లు, నూనెల పేర్లు, బంగారం షాపుల పేర్లు వెలుగుతూ ఉంటాయి. లైవ్‌లా కనిపిస్తుంది గానీ ముందే రికార్డు చేసి, కత్తిరించి, ఆదివారం సాయంత్రం వేస్తారు, కొన్నిసార్లు రెండు వారాలకు సాగదీస్తారు. ఏడ్చిన ముఖం క్లోజప్ ఒకసారి తీసింది ప్రోమోలో పదిసార్లు వస్తుంది. నటికి ఇది సెలవు రోజు కాదు. పగలంతా షూటింగ్ చేసి, సాయంత్రం డాన్స్ రిహార్సల్‌కు పోయి, రికార్డింగ్ రోజు మధ్యాహ్నమే మేకప్‌లో కూర్చుంటే తెల్లవారుజాముకు గానీ తెమలదు. సీరియల్ ఒప్పందంతో ముడిపడిన పని కాబట్టి రానని చెప్పడం కూడా తేలిక కాదు. ఒక ఛానెల్లో లీడ్ చేస్తూ ఇంకో ఛానెల్ వేదిక ఎక్కాలంటే మళ్లీ అనుమతి కావాలి.

ఛానెల్‌కు ఈ రాత్రి వల్ల రెండు లాభాలు. ఒకటి ప్రకటనలు. రెండోది, వచ్చే నెలలో మొదలయ్యే సీరియల్ హీరోయిన్‌ను పాత హీరోయిన్ల మధ్య కూర్చోబెట్టి జనానికి అలవాటు చేయడం. నటికి దక్కేది అంతకంటే వేరు. వారంలో ఐదారు రోజులు నూలు చీరలో, తలలో మల్లెపూలతో కనిపించిన అమ్మాయి ఆ ఒక్క రాత్రి గౌనులో నడిచి వస్తుంది, సినిమా పాటకు డాన్స్ చేస్తుంది. నెల్లూరులో షాపు యజమానికి ఈవెంట్ మేనేజర్ వాట్సాప్‌లో పంపేది ఆ డాన్స్ వీడియోనే. మెమెంటో అల్మారాలో పెట్టుకోవడానికి, వీడియో రేటు మాట్లాడుకోవడానికి. దాంతోపాటు, ఏ కార్యక్రమాన్ని ఎంతమంది చూశారో లెక్కగట్టే బార్క్ సంస్థ ప్రతి గురువారం ఇచ్చే రేటింగుల్లో ఆ సీరియల్ ఎన్నో స్థానంలో ఉందన్నది కూడా చూస్తారు. మొదటి మూడింట్లో ఉంటే బేరం ఒకలా, పదో స్థానంలో ఉంటే ఇంకోలా.

ప్రీమియర్ల గురించి ఎక్కువ చెప్పుకోవాల్సింది లేదు. హైదరాబాద్‌లో ఏదో మల్టీప్లెక్స్‌లో విడుదలకు ముందు రోజు వేసే షోకు టీవీ వాళ్లను పిలుస్తారు. హాలు బయట కెమెరాల ముందు ‘సినిమా సూపర్, అందరూ చూడండి’ అని ఒక బైట్ ఇస్తే నిర్మాతకు కావాల్సింది అయిపోతుంది. ఫీజు ఉండదు, లేదా నామమాత్రం. నటి వచ్చేది దర్శకుల కళ్లలో పడడానికి. సీరియల్ కోడలు వేషం నుంచి బయటపడి మోడరన్‌గా కనిపించే అవకాశం కాబట్టి బట్టల మీద శ్రద్ధ పెడుతుంది. ఆ బట్టలు కూడా చాలాసార్లు సొంతం కాదు. డిజైనర్ ఒక పూటకు ఇస్తాడు, ఫొటో కింద ఆ డిజైనర్ పేరు పెట్టాలి, మర్నాడు ఇస్త్రీ చేయించి వెనక్కి పంపాలి. కొలాబ్ అంటే ఇదే.

ఈ ప్రీమియర్ హడావుడి నెల్లూరు, ఒంగోలు దాకా రాదు. ఇక్కడ ముందు రోజు రాత్రి షో వేసినా అది అభిమానుల పండగ. బాణసంచా, పాలాభిషేకాలు ఉంటాయి, తారలు ఉండరు. సినిమా ఆడితే ఆ తర్వాత విజయయాత్ర పేరుతో గుంటూరు, ఒంగోలు, నెల్లూరు మీదుగా తిరుపతి పోతూ థియేటర్ దగ్గర పావుగంట ఆగి చేయి ఊపి పోతారు. మొక్కు, ప్రచారం ఒకే ట్రిప్పులో అయిపోతాయి. సూళ్లూరుపేట దగ్గర 2019 ఆగస్టులో వి ఎపిక్ థియేటర్ వచ్చినప్పుడు, 106 అడుగుల తెర చూడ్డానికి చెన్నై నుంచి కూడా జనం వచ్చారు.

సినిమా వాళ్లను చూడటం ఈ జిల్లాలకు వింతేమీ కాదు. రమణారెడ్డి, వాణిశ్రీ, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం నెల్లూరు వాళ్లు. భానుమతి పుట్టింది ఒంగోలు దగ్గర దొడ్డవరంలో. నెల్లూరులో మద్రాసు రైలెక్కితే మూడు గంటల ప్రయాణం. పంపిణీ లెక్కల్లో నైజాం, సీడెడ్, కృష్ణా, గుంటూరు పక్కన నెల్లూరు పేరు విడిగా వస్తుంది, ఏరియా చిన్నదే అయినా. అంత సినిమా పిచ్చి ఉన్న ఊళ్లో షాపు యజమాని సినిమా హీరోయిన్‌ను వదిలి సీరియల్ నటిని ఎందుకు పిలుస్తున్నాడు?

ఖర్చు తక్కువ అన్నది అందరికీ తోచే జవాబు. నిజమే గానీ సగమే. హీరోయిన్ వస్తే రోడ్డు నిండా కుర్రాళ్లు నిండుతారు. వాళ్లు చీరలు కొనరు. షాపు ముందు తొక్కిడి చూసి కొనేవాళ్లు వెనక్కి తిరిగిపోతారు. సీరియల్ నటి వస్తే వచ్చేది ఇంటి ఆడవాళ్లు, వాళ్ల వెంట పెళ్లీడు పిల్లలు, పర్సు పట్టుకుని మొగుళ్లు. మొగుళ్లు బయటే నిలబడతారు, అది వేరే విషయం. కోవూరు, అల్లూరు, ముత్తుకూరు, ఆత్మకూరు వైపు ఊళ్లకు నెల్లూరే పెళ్లి బజారు. ముహూర్తాల సీజన్‌కు ముందు వాళ్ల చేత ఒకసారి షాపు మెట్లెక్కిస్తే చాలు. చెవి కమ్మలకు ఒక చోటు, పట్టుచీరకు ఒక చోటు అని అమ్మల కాలం నుంచి అలవాటు పడ్డ ఇళ్లను కదిలించడం చాలా కష్టం. దానికి టీవీలో రోజూ కనబడే ముఖం పనికొచ్చినట్టు పోస్టర్ మీది సినిమా ముఖం పనికిరాదు.

ఇక ఆ ఉదయం ఎలా నడుస్తుందో చూస్తే ఎవరి డబ్బు ఎక్కడ పనిచేస్తుందో తెలుస్తుంది. ముహూర్తం పదిన్నరకు అని వేస్తారు. అసలు పూజ, గుమ్మడికాయ కొట్టడం, పాలు పొంగించడం ఇంటివాళ్లు తెల్లవారుజామునే చేసేసుకుంటారు. ముహూర్తాన్ని హైదరాబాద్ నుంచి వచ్చే మనిషి మీద వదిలిపెట్టే ధైర్యం ఏ వ్యాపారికీ ఉండదు. పదిన్నర అన్నది జనానికి. ఆమె హోటల్లో దిగి ఉంటుంది. కట్టుకునే చీర ఆ షాపుదే. ముందే హైదరాబాద్‌కు పంపితే జాకెట్టు కుట్టించుకుని వస్తుంది. అలా కుదరకపోతే రెడీమేడ్ జాకెట్టుతో సర్దుకుంటుంది, అప్పుడు రెండు రంగులు కలవక ఫొటోల్లో తేలిపోతుంది. బంగారం షాపు అయితే నగలు షాపువే. హారం, వడ్డాణం, గాజులు లెక్క రాసుకుని పెడతారు. షాపు మనిషి ఒకామె సహాయకురాలిలాగా పక్కనే తిరుగుతూ ఉంటుంది. జుట్టు సర్దుతున్నట్టే ఉంటుంది గానీ కళ్లు వడ్డాణం మీదే. కార్యక్రమం అయ్యాక నగలు తీసి, మళ్లీ లెక్క చూసుకునేదాకా హోటల్ గది తలుపు తీయరు.

కారు దిగగానే డప్పులు, హారతి, పూలు. రిబ్బన్, జ్యోతి, తర్వాత ఒక్కో అంతస్తు. చీరల సెక్షన్‌లో ఒక చీర మడత విప్పి భుజం మీద వేసుకోవాలి, పిల్లల సెక్షన్‌లో ఒక గౌను చేత్తో పట్టుకోవాలి, కౌంటర్లో మొదటి బిల్లు కొట్టాలి. యజమాని తల్లి గానీ అత్తగారు గానీ ఉంటే ఆమె కాళ్లకు దండం పెట్టాలి. ఇది ఏ కాగితం మీదా ఉండదు, అయినా పెట్టని నటి లేదు, ఎందుకంటే సీరియల్లో కోడలు అలాగే చేస్తుంది. చివర్లో బయటి స్టేజీ. మైకు తీసుకుని ‘ఎట్టుండారు నెల్లూరూ?’ అనగానే జనం అరుపులు. ఆ వెంటనే చేపల పులుసు మాట రావాల్సిందే. నెల్లూరుకొచ్చిన తార ఎవరైనా చేపల పులుసు గురించి మాట్లాడకుండా స్టేజీ దిగిన దాఖలా లేదు. అదే ఒంగోలు అయితే గిత్త. పాపం మలై కాజాకు మాత్రం ఎప్పుడో గానీ వంతు రాదు.

ఈ స్టేజీ మీద జరిగే ఒక విచిత్రాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. తెలుగు సీరియళ్ల నాయికల్లో చాలామంది కన్నడ, మలయాళ, తమిళ అమ్మాయిలు. ‘బ్రహ్మముడి’లో కావ్యగా చేసిన దీపికా రంగరాజు తమిళ నటి. ఇలాంటి చాలామందికి తెర మీద గొంతు డబ్బింగ్ కళాకారిణిది. అంటే ఏళ్ల తరబడి రోజూ విన్న గొంతు ఒకరిది, షాపు ముందు మైకులో వినబడే గొంతు ఇంకొకరిది. ముక్కలు ముక్కలుగా, తమిళం కలిసిన తెలుగులో ఆమె మాట్లాడితే జనం నిరాశపడాలి. కానీ పడరు, ఇంకా ఎక్కువ చప్పట్లు కొడతారు. నెల్లూరుకు తమిళ యాస కొత్త కాదన్నది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, తడబడే ఆ తెలుగు ఆమెను ఇంటికొచ్చిన కొత్త కోడల్ని చేసేస్తుంది. అవార్డుల వేదిక మీద యాంకర్ ఇదే తడబాటును కామెడీగా వాడుకుంటాడు. షాపు ముందు అదే ముద్దుగా మారుతుంది. ఆ డబ్బింగ్ కళాకారిణిని మాత్రం ఏ షాపు ప్రారంభానికీ పిలవరు. ఆమె గొంతు ఎంత తెలిసినా ముఖం తెలియదు కదా.

విలన్ పాత్రలు చేసేవాళ్ల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఆడపడుచుగానో సవతిగానో ఏడిపించే నటిని ప్రారంభోత్సవాలకు పిలవడం తక్కువ. శుభమా అని కొత్త షాపు తెరుస్తూ ఆమె చేత రిబ్బన్ కోయించడం ఏంటని ఇంట్లో పెద్దవాళ్లే అడ్డం పడతారు. అవార్డుల్లో ఉత్తమ విలన్ అని పిలిచి నెత్తిన పెట్టుకునేదీ ఆమెనే, పండగ స్టేజీల మీద నాలుగు డైలాగులు కొట్టించేదీ ఆమె చేతే. జ్యోతి వెలిగించే పని మాత్రం కోడలికే. నటన ఎవరిది గొప్పదన్న ప్రశ్న ఇక్కడ అసలు లేవదు.

రాకపోకలే ఒక పెద్ద తలనొప్పి. నెల్లూరుకు విమానాశ్రయం లేదు. దగదర్తిలో కడతామన్న మాట ఏళ్ల తరబడి వినబడుతూనే ఉంది. విమానంలో రావాలంటే రేణిగుంటలోనో చెన్నైలోనో దిగి కారులో రావాలి, ఒంగోలుకు అయితే గన్నవరంలో దిగాలి. హైదరాబాద్ నుంచి నేరుగా కారు అంటే రాత్రంతా ప్రయాణం. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్ మొదలై ఒంగోలులోనూ నెల్లూరులోనూ ఆగడం వల్ల కొంత తేలికైంది గానీ, అది పొద్దున బయల్దేరి వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది. పదిన్నర కార్యక్రమానికి అందదు. సాయంత్రం స్టేజీలకే పనికొస్తుంది. ఇటు సీరియల్ వారానికి ఐదారు రోజులు టీవీలో రావాలి, ముందే తీసి చేతిలో ఉంచుకునే ఎపిసోడ్ల బ్యాంకు ఎప్పుడూ తక్కువే. లీడ్ నటి ఒక్క రోజు లేకపోతే ఆ రోజు అత్తా ఆడపడుచూ వంటింట్లో మాట్లాడుకునే సీన్లతో నెట్టుకురావాలి. అందుకే ఆదివారాలు, లేదా షెడ్యూల్ మధ్య దొరికిన రెండు రోజులు ఈ ప్రారంభోత్సవాలకు పోతాయి. ఒకే ట్రిప్పులో పొద్దున నెల్లూరు, సాయంత్రం కావలిలోనో ఒంగోలులోనో ఇంకోటి పెట్టుకుంటే రానుపోను ఖర్చు ఇద్దరు యజమానులు పంచుకుంటారు.

అంత అలసటలోనూ ఎందుకు వస్తారంటే, టీవీలో పేమెంట్ రోజు లెక్క. ఎన్ని రోజులు షూటింగ్ చేస్తే అన్ని రోజులకే డబ్బు, అదీ పనిచేసిన నెలలో కాకుండా తర్వాతెప్పుడో చేతికొస్తుంది. షాపు ప్రారంభం అలా కాదు. డేట్ ఖాయం చేసినప్పుడు కొంత అడ్వాన్స్, మిగతాది స్టేజీ ఎక్కేముందే. ఆమెతోపాటు అమ్మ గానీ మేనేజర్ గానీ, మేకప్ మనిషి ఒకరు వస్తారు. వాళ్ల గదులు, భోజనాలు యజమాని ఖాతాలోనే. చెక్కుల్లో నడిచే వ్యవహారమైతే ఫీజులో 10 శాతం టీడీఎస్, అంటే ఆదాయపు పన్ను కింద ముందే కోస్తారు, ఏడాదికి 20 లక్షలు దాటి సంపాదించే నటి అయితే జీఎస్టీ 18 శాతం అదనం. మధ్యలో ఈవెంట్ మేనేజర్ కమిషన్ ఉండనే ఉంది. యజమాని చెప్పే అంకెకూ, నటి చేతికొచ్చే అంకెకూ మధ్య ఇన్ని చేతులు ఉంటాయి. ‘గంట సేపు నవ్వినందుకు అంతా?’ అని ముక్కున వేలేసుకునేవాళ్లు ఈ లెక్క చూడరు.

అయితే ఆ నవ్వుతోపాటు ఆమె ఏం మాట్లాడుతుందన్నది ఇప్పుడు చట్టం కూడా చూస్తోంది. రిబ్బన్ కోసి పోతే ఒక సంగతి. ‘ఇక్కడ తరుగు లేదు, మీ డబ్బు భద్రం, నేనూ ఈ స్కీమ్ కట్టాను, మీరూ కట్టండి’ అంటే అది సిఫార్సు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలకు సిఫార్సు చేసినవాళ్లను కూడా బాధ్యుల్ని చేసింది. జరిమానా 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. మొదటిసారి ఏడాది వరకు, ఆ తర్వాత మూడేళ్ల వరకు ప్రకటనలు చేయకుండా నిషేధించవచ్చు కూడా. చెప్పే ముందు నిజమో కాదో తగినంత వాకబు చేశామని చూపగలిగితేనే తప్పించుకోగలరు. హైవే పక్కన వెంచర్లకు నటీమణుల్ని తీసుకొచ్చి బ్రోచర్ విడుదల చేయించడం నెల్లూరు, ఒంగోలు రెండు చోట్లా మామూలే. 2016 రియల్ ఎస్టేట్ చట్టం ప్రకారం, ఆ వ్యాపారాన్ని అదుపు చేసే రెరా సంస్థలో నమోదు కావాల్సిన వెంచర్‌కు నమోదు కాకుండా ప్రకటన ఇవ్వడమే తప్పు. స్క్రిప్టు కాగితం చేతికిచ్చినప్పుడు రెరా నంబర్ ఉందా అని అడగడం నటి తరఫున వచ్చిన మేనేజర్ పని. పేమెంట్ వచ్చిందా అని అడిగినంత గట్టిగా ఇదీ అడిగితే తర్వాత టెన్షన్ ఉండదు.

అన్నింటికంటే అధ్వానంగా ఉండేది జనాన్ని అదుపు చేసే ఏర్పాటు. నెల్లూరు ట్రంకు రోడ్డు మామూలు రోజుల్లోనే కిక్కిరిసి ఉంటుంది. షాపు మెట్లకు, రోడ్డుకు మధ్య బైకులు నిలిపే జాగా తప్ప ఖాళీ లేదు. అక్కడే స్టేజీ, అక్కడే స్పీకర్లు, అక్కడే జనం. ఇరుకు వీధిలో జనం పోగైతే ఏమవుతుందో ఈ ప్రాంతానికి ఎవరూ చెప్పక్కర్లేదు. 2022 డిసెంబర్ 28న కందుకూరులో రాజకీయ సభ దగ్గర తొక్కిసలాటలో ఎనిమిది మంది చనిపోయారు. ఆ వెంటనే రోడ్ల మీద సభలకు అడ్డుకట్ట వేస్తూ ప్రభుత్వం 2023 జనవరి 2న జీవో నంబర్ 1 తెచ్చింది, మే నెలలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్లో ప్రీమియర్ షో దగ్గర తొక్కిసలాటలో ఒక మహిళ ప్రాణం పోయింది. ఈ రెండు చోట్లా జనం వచ్చింది రాజకీయ నాయకుడి కోసమా, నటుడి కోసమా అన్నది తేడా కాదు. రోడ్డు వెడల్పు, బయటికి పోయే దారి, నిలబడే చోటు, ఇవే తేడా.

షాపు ప్రారంభాలకు వచ్చే జనం అంత ఉండరు, నిజమే. కానీ వచ్చేది ఎక్కువగా ఆడవాళ్లు, చంకలో పిల్లలు. ఫ్లెక్సీలకు, డీజేకు లక్షలు పెట్టే యజమాని ఆడవాళ్లకు విడిగా బారికేడ్ కట్టించడానికి వెనకాడతాడు. అద్దెకు తెచ్చే నలుగురు బౌన్సర్లు కాపాడేది నటిని మాత్రమే, అదీ పూర్తిగా కాదు. కారు నుంచి మెట్ల దాకా ఉన్న పది అడుగుల్లో సెల్ఫీ కోసం చేయి పట్టి లాగేవాళ్లు, భుజం మీద చేయి వేసేవాళ్లు ఉంటారు. చానాళ్లుగా ఇంట్లో మనిషిలా చూసిన చనువు అని దీన్ని సమర్థించేవాళ్లు ఉన్నారు. ఆ చనువు ఇంట్లో ఆడపిల్ల మీద కూడా అలాగే చూపిస్తారా అని అడిగితే జవాబు ఉండదు. కారును షాపు వెనక సందులోకి తెచ్చి, లిఫ్టులో నేరుగా పై అంతస్తుకు తీసుకుపోయి, బాల్కనీ నుంచి చేయి ఊపించడం అన్నిటికంటే చవకైన పరిష్కారం. కొన్ని పెద్ద షాపులు ఇప్పుడు అలాగే చేస్తున్నాయి. పోలీసు అనుమతి అడిగే దరఖాస్తులో ఆమె ఏ దారిన వస్తుందో, ఏ దారిన పోతుందో రాయమంటే మిగతావాళ్లు కూడా దారికొస్తారు.

యజమాని పెట్టిన డబ్బు తిరిగొచ్చిందా లేదా అన్నది తేలడానికి నెల పడుతుంది. మొదటి రోజు బిల్లులు చూసి మురిసిపోయేవాళ్లు కొత్త వ్యాపారులు. పాతవాళ్లు మూడో ఆదివారం కౌంటర్ చూస్తారు. ఆ రోజు వచ్చింది పోస్టర్ చూసి వచ్చినవాళ్లు కాదు కాబట్టి.

నటి వైపు లెక్క అంతకంటే కటువుగా ఉంటుంది. ఫ్లెక్సీ మీద పాత్ర పేరు పెద్దదిగా ఉందంటే, సీరియల్ అయిపోయిన రోజున ఫ్లెక్సీ మీద మిగిలేది చిన్నక్షరాల పేరే. రెండు మూడు నెలల దాకా ఫోన్లు వస్తాయి, తర్వాత ‘ఇప్పుడు ఏ సీరియల్ చేస్తున్నారు మేడమ్?’ అన్న ప్రశ్న వస్తుంది. 2017లో తెలుగులో బిగ్‌బాస్ మొదలయ్యాక చాలామంది సీరియల్ నటులు అటు చూడటానికి ఒక కారణం ఇదే. అక్కడ పాత్ర పేరుతో కాకుండా సొంత పేరుతో, సొంత గొంతుతో వంద రోజులు కనబడవచ్చు. అందరికీ ఆ అవకాశం రాదు. రానివాళ్లు సీరియల్ నడుస్తుండగానే వచ్చిన ప్రతి ప్రారంభోత్సవానికీ ఒప్పుకుంటారు. శనివారం రాత్రి షూటింగ్ ముగించుకుని కారెక్కి, ఆదివారం పొద్దున నెల్లూరులో జ్యోతి వెలిగించి, సోమవారం తొమ్మిదికల్లా మళ్లీ సెట్లో తాళిబొట్టు సర్దుకుని నిలబడేది అందుకే.